వెనక చక్రాల బ్రేకులు

వీరరాఘవులు గారిని ఏదైనా అడగదలచినవాడు చెప్పులు వేసుకుని మరీ అడగాలని శిష్యులు నవ్వుకునేవారు. ప్రశ్న వినగానే ఆయన కండువా భుజాన వేసుకుని ఎక్కడికో బయల్దేరేవారు. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే కాళ్ళనొప్పులు మిగిలినట్టు.

ఆయనది బుగ్గకొండ మీద నాదస్వర గురుకులం. పళ్ళు ఊడిపోయాక ఆయన వాయించడం మానేసి, శిష్యుల సాధకం చూసే పని అందరిలోకీ పెద్దవాడైన కోదండపాణికి అప్పగించారు. కోదండపాణి మంచి విద్వాంసుడు, అంతకంటే గట్టి పెత్తందారు. కోడి కూయకముందే అందరూ భూపాల రాగం ఎత్తుకోవాలన్నాడు. ఆలస్యమైతే ఆ పూట టిఫిను లేదన్నాడు. ఒక పెళ్ళిలో రాత్రంతా వాయించి వచ్చి, మర్నాడు సాధకానికి ఆలస్యంగా లేచిన మస్తాన్‌ని నెల రోజులపాటు నాదస్వరం ముట్టుకోవద్దని శాసించాడు. కోదండపాణి కూడా ఆ పెళ్ళిలో వాయించినవాడే. ఆ ఉదయం తానూ ఎండ వాకిట్లోకి వచ్చాకే తీరిగ్గా లేచి, ముఖం కడుక్కుని, ఈ తీర్పు చెప్పాడు.

మస్తాన్ వాద్యం అక్కడే వదిలేసి కొండ దిగి తన ఊరు వెళ్ళిపోయాడు. గురువుగారి బాణీని ఆయన తరువాత నిలబెట్టగల ఊపిరి ఉన్నది ఆ ఒక్కడికే. అతను తిరిగి రాకపోతే ఆ బాణీ ఆయనతోనే పోతుంది. ఆనాటి నుంచి పెద్దాయనకు అన్నం సహించడం లేదు.

కోదండపాణికీ లోపల గుబులుగానే ఉంది. ఒక మధ్యాహ్నం వెళ్ళి అడిగాడు.

"గురువుగారూ, చూసీచూడనట్టు పోతే సాధకం పాడైపోతోంది. గట్టిగా పట్టుకుంటే మనుషులే పోతున్నారు. ఇంకా బిగించాలా, వదిలేయాలా? మీరెట్టా చెబితే అట్టా చేస్తాను."

గురువుగారు కండువా అందుకున్నారు. లోపలికి వెళ్ళి ఒక పొడుగాటి గుడ్డ సంచి కూడా తెచ్చుకున్నారు. "కారు తియ్యి" అన్నారు.

కచేరీలకు తిరిగే ఆ పాత అంబాసిడర్ అక్కడున్న సగం మంది శిష్యుల కంటే వయసులో పెద్దది. ఒకప్పుడు గురువుగారే దాన్ని నడిపేవారు. ఘాట్‌రోడ్డు మీద సరిగ్గా ఆగడం లేదని కోదండపాణి ఈమధ్యే వెనక చక్రాలకు పాత డ్రమ్ము బ్రేకులు తీయించి కొత్త డిస్కు బ్రేకులు వేయించాడు. ముందు చక్రాల జోలికి పోలేదు. డోళ్ళూ శృతిపెట్టెలూ అన్నీ ఎక్కేది డిక్కీలోనే కదా, బరువున్న చోటే పట్టు ఉండాలని అతని లెక్క. మెకానిక్ ఏదో చెప్పబోతే, "మోసుకు తిరిగేది మేమయ్యా, బరువెక్కడుందో మాకు తెలీదా?" అని నోరు మూయించాడు. సరంజామాతో నిండుగా వెళ్ళిన రోజుల్లో కారు బాగానే ఆగింది కూడా.

ఆ రోజు డిక్కీ ఖాళీ. కారులో ఉన్నది వాళ్ళిద్దరే. వాన కురిసి అప్పుడే వెలిసింది. గురువుగారు కొండ దిగేదాకా అడుగడుగునా "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నారు. కింద సంత జరిగే మైదానం ఉంది. సంతరోజు కాదు గనక అక్కడ నరపురుగు లేదు.

"నడిమధ్యకు పోనియ్యి. కాస్త జోరుగా. ఆఁ, ఇప్పుడు బ్రేకు గట్టిగా తొక్కు."

కోదండపాణి తొక్కాడు. వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి, ముందువి ఇంకా దొర్లుతూనే ఉన్నాయి. తడినేల మీద కారు వెనకభాగం పక్కకు జారి, బండి మొత్తం గిర్రున తిరిగి, దిగివచ్చిన కొండకేసి ముఖం పెట్టి ఆగింది. ఇదే ఘాట్‌రోడ్డు మలుపులో జరిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూ కోదండపాణి కొండ మలుపుల కేసి చూశాడు.

గురువుగారు ఒళ్ళో సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుని ఉన్నారు. "తొక్కినప్పుడు నీ ఒళ్ళు ఎటు తూలిందిరా?"

"ముందుకేనండీ."

"బండీ అంతే. ఆపేటప్పుడు భారమంతా ముందు చక్రాల మీదికే వచ్చిద్ది. అవి పట్టకుండా వెనకవాటిని ఎంత బిగించినా ఇదే వరస."

కోదండపాణి తల తిప్పి, వెనక చక్రాలు తడినేల మీద గీసిన చారలు చూశాడు. ఎండ వాకిట్లోకి వచ్చిన ఆ ఉదయం గుర్తొచ్చిందో ఏమో, ముఖం కందిపోయింది.

"అయితే ఆ డిస్కులు తీయించేయనా గురువుగారూ?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకూ? మంచివే వేయించావు, ఉండనీ. ముందువాటి సంగతి చూడు. అవి బాగా పట్టినాక వెనకవాటి జోరు కాస్త తగ్గిస్తే సరిపోద్ది."

కోదండపాణి కారు స్టార్టు చేశాడు. ఎదురుగా కనబడుతున్న కొండ వైపు పోనివ్వలేదు. స్టీరింగు తిప్పి, మస్తాన్ ఊరికి పోయే బాట మొదట్లో ఆపాడు.

"వాద్యం తీసుకొచ్చి ఉంటే బాగుండేదండీ. వట్టి చేతులతో పోయి ఏమని పిలవను?"

గురువుగారు సంచి మూతి విప్పి చూపించారు. లోపల మస్తాన్ నాదస్వరం ఉంది. కోదండపాణికి కళ్ళు చెమర్చాయి. ఉన్నపాటున మస్తాన్ గుమ్మంలో వాలిపోవాలన్నంత ఆత్రంతో కారును ముందుకు ఉరికించాడు.

గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నెమ్మదిగా పోనియ్యిరా. ముందు బ్రేకులు ఇంకా మార్చలేదు."