కుట్టని చీమలు

అనగనగా, ఎర్రటి బండరాళ్ళ కొండ కింద ఒక అడవి ఉండేది. ఆ అడవిలో తిప్పతీగ అల్లుకున్న పొద ఒకటి. దాని కింద ఒక కౌజుపిట్ట నేల మీద గూడు పెట్టుకుంది. ఒంటి నిండా నువ్వులు చల్లినట్టు చుక్కలు ఉండేవి కనుక అందరూ ఆమెను నువ్వులమ్మ అనేవారు. గూట్లో ఏడు గుడ్లు. కిందటేడు పెట్టిన గుడ్లను ముంగిస తినేసింది. అందుకని ఈసారి గుక్కెడు నీళ్ళకు వెళ్ళాలన్నా నువ్వులమ్మకు భయమే.

పొద పక్కనే ఎర్రచీమల పుట్ట ఉంది. కదలకుండా పొదుగుతూ కూర్చుంటే అవి వచ్చి కాళ్ళ మీద కుట్టేవి. నువ్వులమ్మ విదిలించుకునేది, తిట్టుకునేది.

ఒకరోజు కొత్త చీమలు కొన్ని వచ్చాయి. పసుపు రంగు. సన్నటి ఒళ్ళు. ఒంటికి మించిన పొడుగు కాళ్ళు. అవి బారుగా నడవవు. దారి తప్పినట్టు అటూ ఇటూ పరుగులు తీస్తాయి.

"అమ్మా, ఈ పొద కింద మాకు కాస్త చోటిస్తారా?" అని అడిగింది ఒక పసుపుచీమ. "మాకు కొండి లేదు. మేము కుట్టం. మీ తీగకు పట్టిన పిండినల్లి కార్చే తీపి నాకి బతుకుతాం."

నువ్వులమ్మ తీగ వైపు చూసింది. ఆకుల కింద పిండి అద్దినట్టు తెల్లటి పురుగులు. తర్వాత తన కాలు చాపింది. చీమలు కాలి మీదుగా పరిగెత్తాయి. ఒక్కటీ కుట్టలేదు.

"కుట్టని చీమ మంచి చీమే. ఉండండి," అంది.

కొన్నాళ్ళకే ఎర్రచీమల పుట్ట ఖాళీ అయింది. మిగిలిన కొద్ది చీమలు పిల్లలను నోట కరుచుకుని పోతున్నాయి.

"ఏం పెద్దాయనా, బయల్దేరారా? నా కాళ్ళు రుచి తగ్గాయా?" అని నువ్వులమ్మ ఎగతాళి చేసింది.

ముసలి ఎర్రచీమ ఆగింది. "మేము కుడితే నీకు తెలిసేది. నువ్వు కాలు విదిలిస్తే పోయేవాళ్ళం. వీళ్ళు చేసేది నీకు తెలియనే తెలియదు తల్లీ."

"ఓడిపోయినవాళ్ళు అలాగే అంటారు," అంది నువ్వులమ్మ.

తర్వాత బల్లిలాంటి నున్నటి ఒంటి నలికిరి వచ్చింది. దాని తోక ఊడిపోయి ఉంది.

"వదినా, మట్టిలో దాచుకున్న నా గుడ్లన్నీ పోయాయి. ఆ పసుపుచీమలు పుల్లటి నీళ్ళేవో చిమ్ముతున్నాయి. ఒళ్ళంతా మంట. నువ్వూ వచ్చెయ్."

"నా మీద ఎన్నిసార్లు పాకాయో లెక్కలేదు. నాకేమీ మండలేదే. ఎండదెబ్బ అయి ఉంటుంది వదినా, కాస్త నీడన పడుకో."

నలికిరి వెనుదిరిగింది. రాళ్ళ మీదుగా వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ అడవిలో ఎవరికీ కనబడలేదు.

ఆ తర్వాత గోదురుకప్ప వచ్చింది. తడుముకుంటూ, రాళ్ళకు గుద్దుకుంటూ వచ్చింది. దాని కళ్ళ మీద తెల్లటి పొర కమ్మింది.

"నువ్వులమ్మా, ఉన్నావా? మాట్లాడు. గొంతు విని వస్తాను."

"ఇక్కడే ఉన్నాను మామా. కళ్ళకేమైంది?"

"నీ ఇంట్లో ఉన్నవాళ్ళను అడుగు. నాది ఒట్టి చర్మం. నీకేమో ఒత్తుగా ఈకలు. వాళ్ళు చిమ్మింది ఈకల మీదే ఆరిపోతుంది. అందుకే నీకు తెలియలేదు."

"నా పిల్లలకూ ఈకలు ఉంటాయిగా?"

"గుడ్డు పగిలిన పూట తడి ఒంటితో ఉంటారమ్మా. విను. వాళ్ళ పుట్టను మాత్రం కెలక్కు. అందులో ఒక్క రాణి కాదు, చాలామంది ఉన్నారు. కెలికితే తలో దిక్కూ పోయి కొత్త పుట్టలు పెడతారు. ఆ పిండినల్లి పట్టిన తీగను తుంచి దూరంగా పారెయ్. తిండి దొరక్కపోతే తగ్గుతారు. ఇంకా కొద్దిమందే ఉన్నారు, ఇప్పుడే చెయ్యాలి."

నువ్వులమ్మ తలెత్తి తీగను చూసింది. తీగ తీసేస్తే గూడు బయటపడుతుంది.

"నన్ను ఇంతవరకూ ఏమీ చెయ్యనివాళ్ళను తరమడానికి ముంగిసకు నా గూడు చూపించమంటావా మామా? పిల్లలు లేచి నడవనీ, అప్పుడు చూద్దాం," అంది.

గోదురుకప్ప నిట్టూర్చి, తడుముకుంటూ వెళ్ళిపోయింది.

ఒక మబ్బు పట్టిన పొద్దున మొదటి గుడ్డు చిట్లింది. లోపల నుంచి కీచుమని సన్నటి గొంతు. అంతవరకూ అటూ ఇటూ పరిగెత్తిన చీమలన్నీ ఒకేసారి గూటి వైపు తిరిగాయి.

నువ్వులమ్మ రెక్కలతో తుడిచింది. ముక్కుతో ఏరింది. ఒంటితో కప్పింది. చీమలు ఆమె ఈకల కింది నుంచి దూరి, పెంకు చీలికల్లోకి వెళ్ళాయి.

"కుట్టమని చెప్పారుగా," అని ఆమె అరిచింది.

"కుట్టలేదమ్మా. ఇప్పుడూ కుట్టడం లేదు," అంది ఒక చీమ, పరుగు ఆపకుండానే.

అది నిజమే. నువ్వులమ్మ కోపం పట్టలేక పసుపుచీమల పుట్ట మీదికి ఉరికి కాళ్ళతో కెలికేసింది. రాణులు బయటికి వచ్చారు. ఒక్కొక్కరు కొంతమందిని వెంటేసుకుని ఒక్కో రాయి కిందికి వెళ్ళారు. సాయంత్రానికి ఏ రాయి పక్కన చూసినా పసుపుచీమలే.

ఏడు గుడ్లలో ఒక్క బిడ్డ బతికింది. ఆ బిడ్డ కళ్ళు తెరుచుకోలేదు. ఆ రోజూ తెరుచుకోలేదు, తర్వాతా తెరుచుకోలేదు.

నువ్వులమ్మ ఆ బిడ్డను తీసుకుని నడక మొదలుపెట్టింది. వానలు పడ్డాయి. ఏటా వాన పడితే కప్పలు అడవంతా హోరెత్తించేవి. ఆ ఏడు ఒక్క కప్పా అరవలేదు. ఎక్కడ ఆగుదామన్నా, ఆకు ఎత్తితే కింద పొడుగు కాళ్ళ పరుగులు.

"అమ్మా, ఇంకా ఎంత దూరం?" అని బిడ్డ అడిగింది.

"దగ్గరే నాన్నా. నా గొంతు వింటూ రా," అంది నువ్వులమ్మ. ఎంత దూరమో ఆమెకూ తెలియదు. తన పిలుపు ఆగితే బిడ్డ ఎటు రావాలో తెలియక నిలబడిపోతుంది. అందుకని ఆమెకు ఏడవడానికి కూడా వీలు లేకపోయింది. పిలుస్తూనే నడిచింది.

నీతి: మనకు నొప్పి తెలియనంత మాత్రాన పక్కవారి మంట అబద్ధం కాదు, వారు చెప్పినప్పుడే వినకపోతే, ఆ మంట మన పిల్లలను చేరాక విన్నా ఫలితం ఉండదు.