పాయసం పాలకు పడ్డ తోడు

ఒకానొక రాజ్యంలో, మీసాల కొసలు మోయడానికే ఇద్దరు భటుల్ని పెట్టుకున్న గజవర్మ అనే రాజుండేవాడు. ఆయన వంటశాలకు పెద్ద పేరిందమ్మ. నలభై ఏళ్ళుగా పాలు తోడుపెట్టీ పెట్టీ, ఆవిడ చెయ్యి నిద్రలో కూడా మజ్జిగ చుక్క విదిలించేది.

ఆ చెయ్యే కొంప ముంచింది. రాజుగారి పుట్టినరోజు పాయసానికని ఉంచిన నూరు కడవల పాలకూ అలవాటుకొద్దీ తోడు పెట్టేసింది. తెల్లారేసరికి కత్తితో కోసుకునేంత గట్టి పెరుగు!

రాజు గర్జిస్తే కోట గోడలు మూడంగుళాలు జరిగాయి.

"మధ్యాహ్నానికి దీన్ని మళ్ళీ పాలు చెయ్యి. లేదా దేశం విడిచి పో!"

"పెరుగు పాలెలా అవుతుంది మహాప్రభూ?"

"ఎందుకవదూ?" అంటూ ఆస్థాన పండితుడు కూర్మశాస్త్రి లేచాడు. కుంపటి తెప్పించి, పేరిన నెయ్యి కరిగించాడు, చల్లార్చి మళ్ళీ పేరబెట్టాడు. ఉప్పునీళ్ళు మరిగించి గిన్నె అడుగున ఉప్పు చూపించాడు. "చూశావా? మారినదేదైనా వెనక్కి మారి తీరుతుంది!"

సభంతా చప్పట్లు. చెయ్యగలిగీ చెయ్యనంటోందని, రాజు మధ్యాహ్నం దాకా ఆగకుండా అక్కడికక్కడే బహిష్కరణ ఆజ్ఞ తాటాకు మీద రాయించి, ముద్ర వేసి, ఆవిడ చేతికిచ్చాడు.

పేరిందమ్మ ఆకు అందుకుంది. ఈ వయసులో ఎవరి పొయ్యి దగ్గరికని పోతుంది? ఆకు వంక చూసింది. కుంపటి వంక చూసింది. ఆకు తీసి కుంపట్లో పడేసింది.

"నా ఆజ్ఞ!" రాజు మీసాలు భటుల చేతుల్లోంచి జారిపోయాయి. "ఇంకోటి రాయిస్తాను!"

"రాయిస్తే శాస్త్రిగారి మాట అబద్ధమని తమరే ఒప్పుకున్నట్టు. ఆ బూడిదనే ఆకు చేసిమ్మనండి. మరుక్షణం మూట సర్దుకుంటాను."

శాస్త్రి బూడిదని చల్లార్చాడు, తడిపాడు, ఆరబెట్టాడు, ఊదాడు. ఊదిందంతా ఆయన గడ్డంలోకే పోయింది.

"అది... కాలిపోయిందమ్మా," అని గొణిగాడు.

"నా పాలూ తోడుకుపోయాయి నాయనా! కరిగినా నెయ్యి నెయ్యే, నీళ్ళలో కలిసినా ఉప్పు ఉప్పే. వేషం మారిందంతే. పాలు పెరుగైతే, ఆకు బూడిదైతే, సరుకే వేరైపోతుంది. ఇంక బతిమాలినా వెనక్కి రాదు."

రాజు నవ్వాడు. ఎంత నవ్వాడంటే, పక్క రాజ్యంలో పావురాలు ఎగిరిపోయాయి. పాయసం బదులు ఊరందరికీ దద్ధ్యోదనం పెట్టమని చెప్పి, తన బంగారు కంకణం తీసి ఆవిడకిచ్చాడు. "కరిగించి గొలుసు చేయించుకో. బంగారం బంగారమే కదా!"

"చిత్తం. తమరూ దద్ధ్యోదనం ఆరగించండి," అంది పేరిందమ్మ. "తిన్నాక మాత్రం వెనక్కిమ్మని అడగనులెండి, శాస్త్రిగారు వస్తుందని చెప్పినా సరే!"