గంపన్న పంతులు చెప్పిన కంది పాఠం

అనగనగా ఒక అడవి అంచున కందిచేలు. ఆ చేలు దున్నుకుని బతికే జంతువులు. వాటి మధ్య, తనంత తెలివైనవాడు లేడనుకునే ఒక గాడిద. ఆ గాడిదను నేనే పిల్లలూ. పేరు గంపన్న. నవ్వండి, నేనేమీ అనుకోను.

ఒక ఏడు రైతులంతా కూడి, మన పిల్లలకు బడి కావాలనుకున్నారు. అడవిపంది కోరయ్య పునాది తవ్వాడు. కుందేళ్లు గడ్డి కోసి తెచ్చారు. గోరింక సన్నమ్మ వాళ్లు ముక్కులతో పుల్లలు మోసి కప్పు వేశారు. పొద్దంతా చేలో పని, సాయంత్రం బడి పని. ఇరవై రోజుల్లో బడి లేచింది.

"మరి పాఠం చెప్పేదెవరు?" అన్నాడు కోరయ్య.

నేను గొంతు సవరించుకున్నాను. "పట్నంలో ఆరేళ్లు పుస్తకాలతోనే ఉన్నాను," అన్నాను.

అబద్ధం కాదు. ఆ ఆరేళ్లూ పుస్తకాల మూటలు నా వీపు మీదే ఉన్నాయి. ఒక్కటీ విప్పి చూడలేదు, అంతే. గోడల మీద చూసి అ నుంచి ఔ దాకా నేర్చుకున్నాను. ఆ తర్వాతి అక్షరం వస్తే దగ్గేవాణ్ణి.

రైతులు పొంగిపోయి నన్ను "పంతులుగారూ" అన్నారు. ఆ పిలుపుకు నా చెవులు ఇంకాస్త పొడుగయ్యాయి.

కుందేలు పిల్ల జొన్నమ్మకు ప్రశ్నలెక్కువ. "పంతులుగారూ, ఉరుము మెరుపు వెనకెందుకొస్తుంది?" అని అడిగింది.

"ఉరుము లావు. పరుగెత్తలేదు," అన్నాను.

మర్నాడు, "వానపాముకు కళ్లెందుకు లేవు?" అంది.

"బడికి రాలేదు కాబట్టి," అన్నాను. పిల్లలు గట్టిగా వల్లె వేశారు.

మూడోసారి జొన్నమ్మ ఒక కంది రెమ్మ పట్టుకొచ్చింది. కొస ఆకులు చుట్టుకుని ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. "ఇదేమిటి పంతులుగారూ? మా చేనంతా ఇలాగే ఉంది."

నాకు తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కిటికీ దగ్గర తల్లిదండ్రులు నిలబడి వింటున్నారు. మింగేశాను.

"వాన చలికి ముడుచుకుంది. ఎండ కాస్తే అదే విచ్చుకుంటుంది. ఎవరూ ముట్టుకోకండి," అన్నాను.

బడి మాట కదా, ఎవరూ ముట్టుకోలేదు. ఆకు చుట్టల్లో దాక్కున్న పురుగులు పదిహేను రోజుల్లో పూతా మొగ్గా తినేశాయి. సగం పంట పోయింది.

సన్నమ్మ నా దగ్గరకు వచ్చింది. కోప్పడలేదు.

"ఒక్క చుట్ట విప్పి చూద్దామనుకున్నాను బాబూ. పురుగు కనబడితే మేం గోరింకలం రెండు రోజుల్లో ఏరేసేవాళ్లం. పంతులుగారు ముట్టుకోవద్దన్నారవ్వా, అని నా మనవరాలు ఆపింది. చదువు లేనిదాన్ని, నాకేం తెలుసులే అని ఊరుకున్నాను."

రెండు తగిలించినా బాగుండేది. గాడిదను, దెబ్బలు నాకు అలవాటే. ఆ మాట తగిలిన చోటు మాత్రం ఇంకా మానలేదు.

మర్నాడు అందరి ముందూ నిలబడ్డాను. "నాకు చదువు రాదు. పురుగు సంగతీ తెలియదు. పరువు పోతుందని తెలిసినట్టు చెప్పాను," అన్నాను.

కోరయ్య లేచి నిలబడ్డాడు. "ఈ ఏడు అడవి దుంపలు తిని గడుపుదాం. బడి మాత్రం మూసేది లేదు," అన్నాడు. "ఏటి అవతల కొంగమ్మ నిజంగా చదువుకుంది. ఆమెను పిలుద్దాం. చేను పాఠం సన్నమ్మ చెబుతుంది."

"మరి నేను?"

"నువ్వా? పిల్లలతో కూర్చో."

వెళ్లాను. నన్ను చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. జొన్నమ్మ నవ్వలేదు. చాప మీద కాస్త పక్కకు జరిగి, "ఇక్కడ కూర్చోండి," అంది.

అది గాడిద పట్టేంత చోటు కాదు. అయినా సర్దుకుని కూర్చున్నాను.

నీతి: తెలియదని చెబితే పోయేది మన పరువే, తెలిసినట్టు చెబితే పోయేది మనల్ని నమ్మినవాళ్ల పంట.