ఇలారియో గుర్రమెక్కిన రోజు

రూఫీనోకు ఆ ఉదయం ఎదురైన చిక్కు చిన్నది కాదు. బృందంలో ఒక పెద్దాయన గుర్రం ఎక్కితీరాలి. ఆయన ఎక్కనంటున్నారు.

పెరూ దేశంలో ఔసంగాటే అనే మంచుకొండ ఉంది. కనుమలు ఎక్కుతూ దిగుతూ దానిని కాలినడకన చుట్టి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. యాత్రికులను అలా తిప్పి తీసుకురావడం ఇలారియో వృత్తి. రూఫీనో ఆయన వద్ద ఆ పని నేర్చుకుంటున్నాడు. ఆ ప్రాంతంలో పెద్దవారిని తండ్రితో సమానంగా ఎంచి 'తాయ్తా' అని పిలుస్తారు. రూఫీనో కూడా గురువును అలాగే పిలిచేవాడు.

జన్మలో ఒక్కసారి కూడా గుర్రమెక్కకుండా ఆ కొండను చుట్టిన మనిషిగా ఇలారియోకు పేరుంది. ఆ పేరు చూసుకుని గురువు కంటే శిష్యుడే ఎక్కువ గర్వపడేవాడు. విడిదిలో ఎవరు కలిసినా ముందు ఆ సంగతే చెప్పేవాడు.

ప్రతి బృందం వెంట సామాను మోసే గుర్రాలతో పాటు, జీను వేసిన గుర్రం ఒకటి ఖాళీగా నడుస్తుంది. ఎవరికైనా నడక సాగకపోతే దాని మీద ఎక్కిస్తారు. అయినా చాలామంది దానివైపు చూడరు. ఇంత దూరం వచ్చి గుర్రమెక్కడం తలవంపులని వారి భావన.

ఆ పెద్దాయన పేరు అబెలార్దో. అరెకీపా నగరంలో హెడ్మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. బృందంలో అందరూ మాస్టారనే అనేవారు. కొండను తన కాళ్ళతోనే చుట్టి వస్తానని పాత విద్యార్థులకు మాట ఇచ్చి బయలుదేరారు. ముందు రోజు సాయంత్రం నుంచి ఆ ఎత్తు పడక ఆయనకు తలనొప్పి, ఆయాసం. తెల్లవారేసరికి పెదవులు నీలం తిరిగాయి. ఆ రోజు దాటవలసినది దారి మొత్తంలో అన్నిటికంటే ఎత్తయిన కనుమ. వెనక్కి మళ్ళుదామన్నా మరో కనుమ ఎక్కక తప్పదు. ముందున్నది దాటితే మాత్రం దారి త్వరగా పల్లానికి దిగుతుంది.

రూఫీనో తనకు తెలిసినదంతా చేశాడు. ఫలహారాల దగ్గర మాస్టారి వేలికి ఆక్సీమీటరు తగిలించి, అందులో కనిపించిన అంకెను అందరికీ వినపడేలా చదివాడు. ఆ అంకెకు అర్థమేమిటో వివరించాడు. నడిస్తే ప్రాణానికే ముప్పని, గుర్రమెక్కక తప్పదని చెప్పాడు. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు.

మాస్టారు వేలిని నెమ్మదిగా వెనక్కి తీసుకున్నారు.

"నా మార్కులు తరగతి మొత్తానికి చదివి వినిపించావు. మంచిది. ఇక నడుద్దామా?"

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. చేతికర్ర అందుకుని లేచారు.

రూఫీనో గురువు దగ్గరకు వెళ్ళి జరిగినది చెప్పాడు. బలవంతంగానైనా ఎక్కించాలని, లేకపోతే కనుమ చేరేలోగా మనిషి కూలిపోతాడని అన్నాడు. ఇలారియో కోకా ఆకుల టీ తాగుతూ అంతా విన్నాడు. కప్పు ఖాళీ చేసి, అందరినీ బయలుదేరమన్నాడు.

ఎర్రమట్టి ఏటవాలు మొదలయ్యే చోట మరో బృందం విశ్రాంతి తీసుకుంటోంది. దానిని నడిపించే ఫెర్మీన్‌ది ఇలారియో వయసే. నోటికి అదుపు లేని మనిషి. అక్కడికి చేరేసరికి మాస్టారు నాలుగడుగులు వేసి నిలబడిపోతున్నారు. ఎవరైనా చేయి అందిస్తే కర్రతో తోసేస్తున్నారు.

ఇలారియో ఆగి, ఎడమ మోకాలిని చేత్తో పట్టుకున్నాడు. ఖాళీ గుర్రాన్ని తీసుకురమ్మని గుర్రాలు తోలేవాడికి చెప్పాడు. అది మాస్టారి కోసమేనని రూఫీనో అనుకున్నాడు. ఇలారియో రికాబులో కాలు పెట్టి తానే ఎక్కి కూర్చున్నాడు.

ఫెర్మీన్ బృందమంతా తలలెత్తి చూసింది.

"ఏం ఇలారియో, కొండ పెరిగిందా, నువ్వు తరిగావా?" అన్నాడు ఫెర్మీన్.

"కొండకు ఇంకా పెరిగే వయసా, ఫెర్మీన్?" అన్నాడు ఇలారియో.

నవ్వులు లేచాయి. సంతరోజున చెప్పుకోవడానికి మంచి కబురు దొరికిందన్నాడు ఫెర్మీన్. తప్పకుండా చెప్పుకోమన్నాడు ఇలారియో. రూఫీనో ముఖం కందిపోయింది. ఎవరి కళ్ళలోకీ చూడకుండా నడిచాడు.

కొంత ఎత్తు ఎక్కాక ఇలారియో మాస్టారి పక్కన గుర్రాన్ని ఆపి దిగాడు.

"మాస్టారూ, కూర్చుంటే కాళ్ళు కొయ్యబారుతున్నాయి. కాసేపు నడుస్తాను. అయితే జీను చల్లబడితే మళ్ళీ ఎక్కడం నావల్ల కాదు. నేను అడిగేదాకా మీరు కాస్త దీని మీద కూర్చుంటారా?"

మాస్టారు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత గుర్రం వైపు చూశారు.

"సరే. మీకు కావలసినప్పుడు అడగండి" అన్నారు.

ఇలారియో రికాబు పట్టుకున్నాడు. మాస్టారు ఎక్కారు. కళ్ళెం చేతబట్టుకుని ఇలారియో కుంటుతూ ముందు నడిచాడు. కనుమ మీద గాలి మాట వినపడనివ్వలేదు. దాటారు. పల్లపు దారి పట్టారు. ఇలారియో గుర్రాన్ని తిరిగి ఇమ్మని అడగలేదు.

సాయంత్రానికి గుడారాలు వేశారు. మాస్టారి పెదవులకు రంగు తిరిగి వచ్చింది. ఇలారియో వాగు నుంచి నీళ్ళ డబ్బా మోసుకుని చకచకా వస్తున్నాడు. రూఫీనో ఎదురు వెళ్ళి డబ్బా అందుకున్నాడు.

"తాయ్తా, మీ మోకాలికి నొప్పి లేదు. ఫెర్మీన్‌కైనా నిజం చెప్పనివ్వండి. ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోయింది."

"ఆ పేరును నాకంటే నువ్వే ఎక్కువ మోశావు. అలసిపోయి ఉంటావు. పద, సూప్ చల్లారిపోతుంది" అన్నాడు ఇలారియో.

భోజనాల దగ్గర మాస్టారు హుషారుగా ఉన్నారు. తాను నడిచేవాడినేనని, పాపం గైడు మోకాలి నొప్పితో అవస్థపడుతుంటే ఆయన గుర్రాన్ని కనుమ దాటించవలసి వచ్చిందని చెబుతున్నారు. యాత్రికులలో ఒక యువతి నవ్వు ఆపుకుంటూ రూఫీనో వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది.

అందరూ అతని వైపు చూశారు. మాస్టారి చేతిలో చెంచా ఆగింది. ఇలారియో రొట్టె తుంచుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నిజమే. ఆ గుర్రం అందరికీ లొంగదు. మాస్టారు లేకపోతే ఈ రోజు మేము ఇబ్బంది పడేవాళ్ళం" అన్నాడు రూఫీనో.

మాస్టారి చెంచా మళ్ళీ కదిలింది.

ఇలారియో రొట్టెలో సగం శిష్యుడికి అందించాడు.

"రేపు బృందాన్ని నువ్వు నడిపించు" అన్నాడు.