చివరి జెండా

తుమ్మచెట్ల కింద తప్ప నీడ దొరకని చిన్న గడ్డిమైదానం అది, ఆఫ్రికాలో. ఏళ్ల తరబడి పెద్ద అడవుల కాళ్ల కింద నలిగి, ఈమధ్యే తన జెండా తాను ఎగరేసుకుంది. ఏనుగుల అడవిలో జరిగే సకల అడవుల ఆటలకు మొదటిసారి పిలుపు వచ్చింది. మైదానం తరఫున పరిగెత్తేది ఒక్కతే, జూరి అనే జింక. జట్టుకు పెద్ద నక్క. జూరికి పరుగు నేర్పిన ముసలి అడవిదున్న, జేజేలు కొట్టడానికి జీబ్రాల మంద వెంట నడిచాయి.

ఆటల ముందురోజు ఊరేగింపు వరస తెలుసుకుని వచ్చిన నక్క తోకతో నేలను కొట్టింది.

“తమ్ముళ్లారా, మనల్ని ఎక్కడ నిలబెట్టారో తెలుసా? అందరికంటే చివర! తొండల గుట్ట జెండాకి కూడా వెనక!”

జీబ్రాలు భగ్గుమన్నాయి. “మన నేల మోకరిల్లదు! పెత్తనం నశించాలి!”

“మామా, చివర నిలబడితే నా కాళ్లు పొట్టివైపోతాయా?” అంది జూరి. “రేపు పరుగులో ఎవరు చివరో చూపిస్తాగా.”

“జాతి ముఖ్యమా, నీ పతకం ముఖ్యమా తల్లీ?”

“అసలు చివర ఎందుకు పెట్టారో అడిగావా?” అంది దున్న.

“అవమానించినవాణ్ని కారణం అడగాలా తాతా? తలవంచడం నీకు అలవాటేలే!” పెద్ద జీబ్రా వెక్కిరింపుకి మంద పగలబడి నవ్వింది.

“బహిష్కరణ!” అంది నక్క. “మీరు పదండి. నేనుండి మన నిరసన వినిపించి వస్తా.”

ఏరు దాటేదాకా జూరి వెనక్కి చూస్తూనే ఉంది. ఆ రాత్రి అందరూ ఒడ్డునే పడుకున్నారు. మర్నాడు పొద్దెక్కాక అవతల పెద్ద ఘోష లేచింది. అటునుంచి ఎగిరొచ్చిన కొంగ వీళ్లని చూసి దిగింది.

“ఇదేంటి, మీరిక్కడ? మీకోసం ఎంతసేపు నిలబడ్డారో! మొదటిసారి వచ్చినవాళ్ల జెండాయే చివర రావడం ఏనుగుల మర్యాద. అది వచ్చేదాకా ఎవరూ కూర్చోరు. అది నాటాకే ఆటలు మొదలు. మీరు ఇక రారని నక్క చెప్పాకే మొదలెట్టారు.”

“నక్కకి తెలుసా?” అంది జూరి.

“తెలీకేం? దానికి చెప్పే పంపారు. ఇప్పుడు పరుగులో నీకు పోటీ అయిన చిరుత పక్కన నీడలో కూర్చుంది. నిన్ను పరుగులో లేకుండా చేస్తే ఆటల పెద్దల్లో చోటిప్పిస్తానందట చిరుత. చిరుతే గెలిచింది. తరిమేవాళ్లు లేక షికారుకెళ్లినట్టు పరిగెత్తింది.”

పెద్ద జీబ్రా తలదించుకుని వచ్చింది. “చెల్లీ, ఇప్పుడైనా వెనక్కి వెళ్తే...”

“పరుగు అయిపోయిందన్నా.”

మళ్లీ ఆటలు నాలుగు వానాకాలాల తర్వాత. జూరి వెళ్లింది. కొత్త చుట్టం మర్యాద ఒక్కసారే. ఈసారి మైదానం జెండా మధ్యలో ఎక్కడో నడిచింది, ఎవరూ లేవలేదు. దున్న తాత అప్పటికి లేదు. కుర్రకాళ్లు రేపిన దుమ్ములో జూరి అందరికంటే వెనక వచ్చింది. పెద్దల వరసలోంచి నక్క మర్యాదగా చప్పట్లు కొట్టింది.

గౌరవం కోసం నీ కాళ్లు అడిగేవాడి కాళ్లు ఏ నీడలో ఉన్నాయో ముందు చూడు.