ఏనుగుగుండంలో నీళ్ళు

ఏనుగు దిగితే ఏమాయె గుండం?
తొండం మునిగె, చెవులూ మునిగె.
దున్న దిగితే ఏమాయె గుండం?
కొమ్ములు మునిగె...

కొమ్ములు మునిగాక ఏమవుతుందో వీరవేణికి గుర్తు లేదు. ఆరేళ్ళప్పుడు కాలవగట్టు మీద ఆడపిల్లలతో చేతులు కలిపి గుండ్రంగా తిరుగుతూ పాడిన పాట అది. మిగతా చరణం నోటికి రాకముందే ఒక మిట్టమధ్యాహ్నం వాళ్ళమ్మ ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆ గుండంలోకే దిగింది. లాకు దగ్గరున్న లస్కరు లోవరాజు చూసి పరుగెత్తుకొచ్చి పిల్లను తీశాడు. తల్లి మర్నాడు కింది లాకు తలుపుల దగ్గర దొరికింది. ఆదెమ్మకి ఏం కష్టం వచ్చిందో ఊళ్ళో తలా ఒకటి చెప్పారు. ఆ చెప్పినవాళ్ళలో ఒక్కరైనా ముందురోజు ఆమెను పలకరించి ఉంటారా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

లస్కరంటే లాకు తలుపులు ఎత్తి దించే మనిషి. లోవరాజు ఆ పని చేస్తూనే ఊరి పిల్లలకి ఈత నేర్పేవాడు, గట్టు మీద దండాలు, బస్కీలు తీయించేవాడు. ఆయనకొక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పడు. "చూద్దాంలే, పద" అని లేచి నడుస్తాడు. అడిగినవాళ్ళు వెంట వెళ్తారు. దారిలోనో, చేరిన చోటో ఏదో ఒకటి జరుగుతుంది. అదే జవాబు. అర్థమైతే అయినట్టు, కాకపోతే కానట్టు.

మేనత్త ఇంట్లో పెరిగిన వీరవేణి చెంబులో నీళ్ళు చూసినా వణికేది. ముఖం తడిగుడ్డతో తుడవాల్సి వచ్చేది. మేనత్త ఆ పిల్లని లోవరాజు దగ్గరకి తీసుకొచ్చి, "అన్నయ్యా, దీనికి నీళ్ళ భయం పోగొట్టు" అంది. ఆయన రెండేళ్ళపాటు నీళ్ళ ఊసెత్తలేదు. గట్టు మీద పరుగు పెట్టించాడు. పడవ తాడు పట్టుకుని చింతకొమ్మ ఎక్కించాడు. తవుడు బస్తా వీపున వేసి లాకు మెట్లు ఎక్కించి దించాడు. మూడో ఏడు ఒక కుండలో నీళ్ళు పోసి, "ముఖం పెట్టి దమ్ము పట్టు, పది లెక్కపెడతాను" అన్నాడు. మొదటిరోజు ఆ పిల్ల మూడు దగ్గరే తల ఎత్తేసి ఏడ్చింది. ఆయన కుండ ఒలకబోసి, "రేపు నాలుగు" అన్నాడు. అంతకంటే ఓదార్పు ఆయనకి రాదు.

ఆ మూడు, నాలుగూ పెరిగి పెరిగి ఏమయ్యాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ముప్పై నాలుగేళ్ళ వీరవేణి భుజాలు తెడ్డు వేసేవాడి భుజాల్లా ఉంటాయి. నీళ్ళలో మునిగిపోయినవాళ్ళని తీసే పని ఆమెది. ఆడది ఆ పని చెయ్యడం ఆ చుట్టుపక్కల ఎవరూ విన్నది కాదు. గోదారి పాయల్లో, చెరువుల్లో, ఇటుకబట్టీల గోతుల్లో ఎక్కడ ఎవరు మునిగినా కబురు ఆమెకే వస్తుంది. బురదనీళ్ళలో కళ్ళు పనిచెయ్యవు, అరికాళ్ళతో వెతకాలి. దొరికాక వెనకనుంచి పట్టుకోవాలి. ఆడమనిషైతే పైకి తేకముందే, నీళ్ళలోనే, చీర సర్ది ముడివెయ్యాలి. గట్టున జనం ఉంటారు కదా. ఆ చివరిది లోవరాజు నేర్పలేదు, ఆమే పెట్టుకున్న నియమం.

జనం ఆమెని శవాల వేణి అనేవారు. "నిన్ను కట్టుకున్నవాడు నీళ్ళలో పడ్డా దిగులు లేదే, ఇంట్లోనే మనిషుంది" అని ఎకసెక్కాలాడేవారు, కట్టుకునేవాణ్ణి మాత్రం ఎవరూ తేలేదు. ఆమె నవ్వి ఊరుకునేది. తెల్లవారకముందే లేచి దండాలు తీసేది, దమ్ము పట్టేది. అంత కష్టం ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో కాలవ వంపు దగ్గర గుర్రపుడెక్క కప్పేసిన ఏనుగుగుండం ఉంది. ముప్పై బారల తాడు వేసినా అడుగు అందలేదని లోవరాజే చెప్పాడు. లస్కరు మాటకి ఎదురేముంది? గేదెల్ని కూడా అటు పోనిచ్చేవారు కాదు. తన శిష్యుల్ని ఆయన ఆ ఛాయలకి రానివ్వలేదు. వీరవేణి ఇరవై ఎనిమిదేళ్ళుగా చుట్టుదారిన తిరిగి వెళ్తోంది. కానీ పట్టిన ప్రతి దమ్మూ అక్కడికి దిగడానికే పట్టింది.

ఆ ఏడు మాఘమాసంలో ఇటుకబట్టీ గోతిలోంచి ఒక ఇల్లాలిని తీసింది. చీర సర్ది, ముడివేసి, గట్టున పడుకోబెట్టింది. గుంపులోంచి ఒక చిన్నపిల్ల వచ్చి వీరవేణి తడిచెయ్యి పట్టుకుంది. "అత్తా, బయటికి తెచ్చావు కదా, ఇంక లేపు" అంది.

ఆ రోజునుంచి వీరవేణి దండాలు మానేసింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. కబుర్లు వచ్చినా వెళ్ళలేదు. చైత్రం వచ్చి కాలవకి నీళ్ళు కట్టేశాక ఒక పొద్దున గురువు ఇంటికి వెళ్ళింది. డెబ్భై ఎనిమిదేళ్ళ లోవరాజు అరుగు మీద ఆయాసపడుతూ కూర్చుని ఉన్నాడు.

"తాతా, ఒకటి అడుగుతాను. ఎంత దమ్ము పడితే అమ్మ దిగినంత లోతుకి దిగగలను?"

ఆయన జరిగి అరుగు మీద చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"ఒళ్ళు ఇనుం చేశావు. చెరువులు గాలించాను, గోదారి గాలించాను. లోపలి వణుకు మాత్రం ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఒక్కసారి గుండం అడుగు తాకితే పోతుందేమో. తాకి వస్తాను."

"వస్తావా?" అన్నాడాయన.

ఆమె కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది. నీళ్ళలోకి దిగేటప్పుడు నడుముకి కట్టుకునే తాడు ముందురోజే తన దగ్గర ఈత నేర్చుకునే అమ్మాయికి ఇచ్చేసింది. ఆ సంగతి ఆయనకి తెలుసు.

"చూద్దాంలే, పద" అని ఆయన చేతికర్ర అందుకున్నాడు.

గట్టు మీద నడిచారు. కాలవలో బురద, అక్కడక్కడ మడుగులు. గడ్డి కోస్తున్న ఒక ముసలమ్మ కొడవలి ఆపి, "ఏం బావా, మనవరాలిని వెంటేసుకుని స్నానానికా? నీళ్ళేవీ?" అంది.

"బురద పూసుకుంటాం వదినా. నున్నగా అవుతామట" అన్నాడు లోవరాజు.

వంపు దగ్గరకి వచ్చేసరికి వీరవేణి కాళ్ళు ఆగిపోయాయి. గుండం మీద గుర్రపుడెక్క పచ్చగా, దట్టంగా, మూత పెట్టినట్టు ఉంది. కాలవ ఎండినా అది ఎండదని చిన్నప్పటినుంచీ విన్నమాటే. లోవరాజు ఆగలేదు. ఒడ్డు దిగాడు. కర్ర విసిరేసి ఆ పచ్చటి మూత మీదికి అడుగు వేశాడు.

"తాతా! వద్దు! తాతా!"

ఆయన ఇంకో అడుగు వేశాడు. ఆమెకి వేరే ఆలోచన లేదు. ముసలి ప్రాణం, ఆయాసం రొమ్ము, ముప్పై బారల నీళ్ళు. ఎన్నో వందలసార్లు దూకినట్టే గుండెనిండా గాలి పీల్చి, చేతులు ముందుకి చాచి, ఒడ్డునుంచి గురిచూసి దూకింది.

నుదురు, గడ్డం, రెండు మోచేతులూ బురదలో కూరుకుపోయాయి. నోటినిండా ఒండ్రు. నీళ్ళు వీపుని కూడా పూర్తిగా కప్పలేదు. తల ఎత్తి చూస్తే ఎదురుగా లోవరాజు పంచె తడిసి నిలబడి ఉన్నాడు. నీళ్ళు ఆయన మోకాళ్ళ దగ్గర ఉన్నాయి.

"లేచి నిలబడు బుల్లీ" అన్నాడు.

ఆమె నిలబడింది. కాళ్ళ కింద మెత్తటి నేల. ఎంతసేపు చూసినా నేలే.

"ఇప్పుడు కాలవ కట్టేశారు కనక ఇంతే. నిండితే..." అందామె.

ఆయన పక్కనున్న రాతిగోడ చూపించాడు. గోడ మీద పాకుడు గీత ఉంది. నిండుకాలవ ఎంతవరకు వస్తుందో ఏళ్ళ తరబడి నీళ్ళు గీసిన గీత. వీరవేణి బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి గోడని ఆనుకుంది. గీత ఆమె చంకల దగ్గరకి వచ్చింది. ఆదెమ్మ పొడగరి. వీధిలో ఎవరు చెప్పినా, "నీకంటే బెత్తెడు ఎత్తు మీ అమ్మ" అనే చెప్పేవారు.

"ఆ రోజూ ఇంతేనా?"

"ఇంకో జానెడు తక్కువే. పొద్దున నేనే తలుపులు దించాను."

"నువ్వు దూకి నన్ను తీశావన్నారు."

"నడిచొచ్చి ఎత్తుకున్నాను."

"ముప్పై బారల తాడు?"

"వెయ్యలేదు. అబద్ధం చెప్పాను." ఆయన ఆయాసం తీర్చుకుని అన్నాడు. "నిలబడితే బతికేదని ఆరేళ్ళ పిల్లకి ఏ నోటితో చెప్పను?"

అప్పుడామె అరిచిన అరుపుకి గట్టు మీద ముసలమ్మ కొడవలి వదిలేసి లేచి నిలబడింది. ఆ చేతులు ఎంతమందిని నీళ్ళలోంచి లాగాయో, అవే చేతులు గుర్రపుడెక్కని పెళ్ళగించి పెళ్ళగించి ఒడ్డుకి విసిరాయి. లోతులేని చోట లోతు కోసం వెతుకుతున్నట్టే ఉంది. చివరికి గోడకి చేరబడి, "ఎందుకు నిలబడలేదు తాతా? నా చెయ్యి పట్టుకునే ఉంది కదా. ఎందుకు నిలబడలేదు?" అంది.

"తెలీదమ్మా. కాలవ కట్టేసిన ప్రతి ఏడూ వచ్చి నిలబడతాను. నాకూ తెలీలేదు."

ఎండ ముదిరింది. ఆయనకి ఒడ్డు ఎక్కడం చేతకాలేదు, పాకుడుకి కాలు జారిపోతోంది. వీరవేణికి అక్కడే కూలబడి ఉండిపోవాలని ఉంది. కానీ ఒళ్ళు ఊరుకోలేదు. వంగి ఆయన్ని భుజాన వేసుకుంది. వేసుకున్నాక తెలిసింది, ఆయనలో బరువే లేదు. గట్టెక్కించి కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుంది. నోట్లో ఇంకా ఒండ్రు రుచి ఉంది.

మర్నాడు తెల్లవారేసరికి లోవరాజుకి మాట పడిపోయింది. పదకొండు రోజులు మంచంలో ఉండి వెళ్ళిపోయాడు. ఆ పదకొండు రోజులూ వీరవేణి ఆయన నోట్లో నీళ్ళు పోస్తూ పక్కనే ఉంది, కానీ ఒక్క మాటా వినలేదు. కాబట్టి ఆ గట్టు మీద అన్నదే ఆమెతో ఆయన అన్న ఆఖరిమాట.

"లేని లోతు కోసమా తాతా, ఇన్నేళ్ళు దమ్ము పట్టాను? ఇది తెలిశాక ఇంక ఎలా బతకను?" అని అడిగిందామె.

ఆయన తడిచేత్తో ఆమె గడ్డం మీది బురద తుడిచాడు.

"ఇవాళ్టి కోసం పట్టావు బుల్లీ."