చెలమలో ముప్పై ఒక్క రాళ్ళు

అనగనగా ఒక అడవిలో ఒక వార్డు ఉండేది. నవ్వకండి పిల్లలూ. మనకున్నట్టే అడవికీ వార్డులుంటాయి, ఓట్లుంటాయి, ఓటు వేసి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాళ్ళూ ఉంటారు. ఆ వార్డు పేరు ఇసుకవాగు వార్డు. అందులో ఓటున్న జంతువులు అరవై ఒకటి.

ఆ వార్డుకు ఉన్న కష్టం ఒక్కటే. ఎండాకాలం వస్తే వాగులో ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు. అప్పుడు ముట్టెయ్య అనే అడవిపంది వచ్చి, తన ముట్టెతో ఇసుకలో లోతుగా గొయ్యి తవ్వేవాడు. అడుగు నుంచి నీళ్ళు ఊరేవి. అలాంటి గోతినే చెలమ అంటారు. ఏటా ఆ నీళ్ళతోనే వార్డంతా బతికేది. తాగినన్ని తాగి వెళ్ళేటప్పుడు మాత్రం, "అబ్బ, ఈ ముట్టెయ్య దగ్గర ఎంత బురద కంపు" అని మొహం తిప్పుకునేవాళ్ళు.

ఒక ఏడు, వానలు వెళ్ళిపోయాక, వార్డు పెద్ద పదవికి ఎన్నికలొచ్చాయి. ముట్టెయ్య నిలబడ్డాడు. అతని మీద పింఛారావు అనే నెమలి నిలబడ్డాడు.

ఆ అడవిలో ఓటంటే రాయి. పోటీ చేసే ఇద్దరికీ చెరో గొయ్యి ఉంటుంది. ఎవరి గోతిలో ఎక్కువ రాళ్ళు పడితే వాళ్ళు గెలిచినట్టు. గెలిచినవాడి గోతిలో రాళ్ళు మళ్ళీ ఎన్నికల దాకా కదపకూడదు. తీయాలంటే వేసినవాళ్ళే తీయాలి, ఎవరి రాయి వాళ్ళే. ఈ తతంగమంతా నడిపించేది డిప్పమ్మ అనే ముసలి తాబేలు. ఆమెకు ఓటు లేదు కానీ నోరుంది.

కొత్త గోతులు తవ్వే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇసుక మేట మీద ముట్టెయ్య తవ్విన పాత చెలమలు రెండున్నాయి. ఒకటి చిన్నది, ఇంకొకటి బాగా లోతైనది. అవే చాలన్నారు.

"లోతైనది నాకివ్వండి," అన్నాడు పింఛారావు. "నాకు పడే ఓట్లు ఆ చిన్న గోతిలో పట్టవు."

అందరూ చప్పట్లు కొట్టారు. అది నీళ్ళ గొయ్యి కదా, రాళ్ళతో నింపితే ఎలా అని ఒక్కరూ అనలేదు. అప్పటికి వాగు ఇంకా సన్నగా పారుతూనే ఉంది మరి.

ముట్టెయ్య ప్రచారం ఒక్క ముక్కలో అయిపోయింది. "ఎండాకాలం చెలమ తవ్వుతాను. ఏటా తవ్వేదే," అన్నాడు. ఆ మాట చెప్పి, దుంపలు తవ్వుకోవడానికి వెళ్ళిపోయాడు.

పింఛారావు అలా కాదు. పురి విప్పి, మెడ తిప్పి, గొంతు సవరించుకున్నాడు. "మబ్బు పట్టినప్పుడు నేను నాట్యం చేయడం మీరు చూశారా లేదా?"

"చూశాం," అన్నారు అందరూ.

"ఆ వెంటనే వాన పడిందా లేదా?"

"పడింది."

"మరి వాన ఎవరివల్ల పడినట్టు? నేను గెలిస్తే ఎండాకాలంలోనూ నాట్యం చేస్తాను. చెలమలతో, బురదతో మనకిక పనేముంది?"

ఇంత చక్కని మాట విన్నాక ఇంకెవరు ఆలోచిస్తారు? పైగా అతను ఊరికే మాట్లాడి ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగాడు.

ముందు జింకల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చుక్కమ్మ అనే జింక తన పిల్లకు పాలిస్తోంది. పింఛారావు తన పింఛం చూపించి, "చూడు చెల్లీ, నీ ఒంటి మీదా చుక్కలే, నా ఈకల మీదా చుక్కలే. మనం మనం ఒకటి. ఒంటిమీద ఒక్క చుక్కైనా లేనివాడికి మన బాధలేం తెలుస్తాయి?" అన్నాడు. చుక్కమ్మ కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఈ అన్నయ్య ఎక్కడున్నాడో, ఎప్పుడైనా గుక్కెడు నీళ్ళిచ్చాడో ఆమె అడగలేదు.

తర్వాత కొండముచ్చుల దగ్గరికి వెళ్ళాడు. వాటి పెద్ద గంతులయ్యతో బంధుత్వం కలపాలని చూస్తే కుదరలేదు. తలా ఒక ఈక ఇచ్చాడు. కొండముచ్చులన్నీ వాటిని చెవుల్లో దోపుకుని, ఒకరినొకరు చూసుకుని మురిసిపోయాయి. ఆ ఈకలు ఎలాగూ రాలిపోయినవే.

చివరికి కుందేళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కుందేళ్ళు ఆయన్ని నోరు విప్పనివ్వలేదు. "జింకలు మీకే వేస్తున్నాయట, కొండముచ్చులూ మీకేనట. గెలిచేవాళ్ళకే వేస్తామండీ. మా ఓటు వృథా చేసుకోం," అన్నాయి.

ఎన్నిక రోజు తెల్లారింది. ఒకరి ఓటు ఒకరికి తెలియకుండా గోతుల చుట్టూ పొదలు అడ్డం పెట్టారు. డిప్పమ్మ అటు తిరిగి కూర్చుని, రాయి పడిన చప్పుడును బట్టి లెక్కపెట్టింది. అందరికంటే ముందు ముట్టెయ్య వచ్చి ఓటు వేసి వెళ్ళాడు. తర్వాత మిగతావాళ్ళు వచ్చారు. పెద్ద రాయి వేస్తే పెద్ద ఓటని ఎవరో పుకారు పుట్టించారు. దాంతో చుక్కమ్మ తలకాయంత తెల్ల రాయిని దొర్లించుకుంటూ వచ్చింది.

సాయంత్రానికి లెక్క తేలింది. ముట్టెయ్యకు ముప్పై. పింఛారావుకు ముప్పై ఒకటి.

"ఇది మామూలు గెలుపు కాదు. ప్రభంజనం," అన్నాడు పింఛారావు.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండింది. పింఛారావు ఇసుకలో నిలబడి నాట్యం చేశాడు. వాన పడలేదు. రెండో రోజు చేశాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. మూడో రోజు కాళ్ళు కాలుతుంటే ఎగిరెగిరి చేశాడు. జనం దాన్ని కొత్త రకం నాట్యమనుకున్నారు.

"ఇన్నేళ్ళూ చెలమలు తవ్వి తవ్వి మబ్బులకు కోపం తెప్పించారు. అదంతా పాతవాళ్ళు చేసిన తప్పు," అన్నాడు పింఛారావు. "నేను కొండ అవతలి చెరువుకు వెళ్ళి, పరిస్థితి పరిశీలించి వస్తాను." రెక్కలున్నవాడు కదా, ఎగిరిపోయాడు. రెక్కలు లేనివాళ్ళు మిగిలారు.

అందరూ ముట్టెయ్య దగ్గరికి పరుగెత్తారు. "మామా, మామా" అన్నారు. అప్పుడెవరికీ బురద కంపు రాలేదు. ముట్టెయ్య తన ఓట్లు పడిన చిన్న చెలమలో రాళ్ళు తోసేసి తవ్వి చూశాడు. కింద బండ తగిలింది, తడి లేదు. వాగు పొడవునా ఇంకో నాలుగు చోట్ల తవ్వాడు. అక్కడా లేదు.

"ఊట ఉన్నది ఆ లోతైన చెలమలోనే," అన్నాడు. "దాని నిండా మీ ఓట్లున్నాయి. అవి తీయండి."

డిప్పమ్మ గోతి ఒడ్డున కూర్చుంది. "నియమం తెలుసుగా. ఎవరి రాయి వాళ్ళే తీయాలి. పింఛారావుకు వేసినవాళ్ళు ముందుకు రండి," అంది.

ఒక్కరూ కదల్లేదు.

"నేను ముట్టెయ్య మామకే వేశాను," అన్నాడు గంతులయ్య, చెవిలో ఈక తీసి వెనక దాచుకుంటూ.

"మేమూ మామకే వేశాం," అన్నాయి కుందేళ్ళు.

"మొదటి నుంచీ మా ఓటు మామదే," అన్నాయి జింకలు.

"అలాగా," అంది డిప్పమ్మ. "అయితే ముట్టెయ్య ఏకగ్రీవంగా గెలిచాడన్నమాట. మరి ఈ రాళ్ళెవరివర్రా? ఆకాశంలోంచి రాలాయా? ఆయన నాట్యం చేసింది వాన కోసం కాదా, వడగళ్ళ కోసమా?"

అందరూ నేల చూపులు చూశారు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. పరువు దగ్గరే ఆగిపోయారు వాళ్ళు. ఇంతలో చుక్కమ్మ పిల్ల తూలుకుంటూ వచ్చి, తడి ఉందేమోనని గోతిలోని రాయిని నాకింది. నాలుక పొడిబారి రాయికే అతుక్కుంది. ఆ పిల్ల ఇక నిలబడలేక అక్కడే కూలబడింది.

చుక్కమ్మకు గుండె చెరువైంది. అందరినీ నెట్టుకుంటూ ముందుకొచ్చింది. "ఇదిగో, ఈ పెద్ద తెల్ల రాయి నాది. చుక్కలు చూసి మోసపోయి వేశాను. నాకు బుద్ధి లేదు," అని ఏడుస్తూ ఆ రాయిని బయటికి దొర్లించింది.

అప్పుడు మిగతావాళ్ళూ కదిలారు. కానీ చూడండి వాళ్ళ తెలివి. "ఇది నాది కాదు, ఊరికే సాయం చేస్తున్నాను," అంటూ గంతులయ్య సరిగ్గా తన రాయే తీశాడు. "ఎవరిదో పాపం," అంటూ కుందేళ్ళు వాటి రాళ్ళే తీశాయి. డిప్పమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. పింఛారావు తనకు తాను వేసుకున్న రాయి కూడా బయటపడింది. తీయడానికి ఆయన ఊళ్ళో లేడు కాబట్టి డిప్పమ్మ నియమం పక్కనబెట్టి దాన్ని తీయించింది.

ముప్పై రాళ్ళు బయటికొచ్చాయి. ఇంకొక్కటి మిగిలింది. అడుగున, సరిగ్గా ఊట మీద కూర్చుంది. దాన్ని తీయడానికి ఎవరూ రాలేదు. డిప్పమ్మ వంగి వాసన చూసింది. రాయికి ఎండిన బురద అంటుకుని ఉంది.

"ముట్టెయ్యా, ఇది నీదేనా?" అంది.

ముట్టెయ్య తల దించుకున్నాడు. "నా ఓటు నాకే వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు అవ్వా? మర్యాదగా ఉండదని అవతలాయనకు వేశాను."

డిప్పమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఓడింది ఒక్క ఓటుతో. ఆ ఒక్కటీ నీదేనన్నమాట. నీ మర్యాద తగలెయ్య, ఆ పసిదాన్ని చూడు," అంది.

ముట్టెయ్య ఆ పిల్లను చూశాడు. ఇంకేమీ మాట్లాడకుండా గోతిలోకి దిగి, తన రాయి తను తీసి, ముట్టెతో ఇసుక తోడాడు. నీళ్ళు ఊరాయి. చుక్కమ్మ పిల్ల ముందు తాగింది, తర్వాత అందరూ తాగారు. ఆ పిల్ల బతికింది.

నీళ్ళ కబురు విని పింఛారావు ఎగురుకుంటూ వచ్చాడు. గోతి ఒడ్డున వాలి, పురి విప్పి, "చూశారా, నా హయాంలోనే నీళ్ళొచ్చాయి," అన్నాడు. కుందేళ్ళు అలవాటు చొప్పున చప్పట్లు కొట్టాయి.

మరుసటి ఏడు మళ్ళీ వానలు పడ్డాయి, మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి గోతులు గట్టు మీద తవ్వారు. ముట్టెయ్య అందరికంటే ముందు వచ్చి, సిగ్గుపడుతూనే తన రాయి తన గోతిలో వేసుకున్నాడు. ముప్పై రెండు ఓట్లతో గెలిచాడు.

మరి పింఛారావుకు ఎన్ని వచ్చాయంటారా? ఇరవై తొమ్మిది. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి పిల్లలూ. అంత దాహం చూశాక కూడా మారింది రెండే ఓట్లు. ఒకటి ముట్టెయ్యది, రెండోది చుక్కమ్మది. ఊరికే సాయం చేసినవాళ్ళంతా మళ్ళీ నెమలికే వేశారు.

నీతి: తప్పు నాదేనని ఒప్పుకున్నవాడే మారతాడు; నాది కాదన్నవాడు మళ్ళీ అదే రాయి వేస్తాడు.